మాకు ఓడ వచ్చింది

ఖతార్‌లో మెసయీద్ రేవు పక్కన యూరియా గోదాములో నాది టాలీ క్లర్కు పని. కుట్టు పడిన బస్తాలు బెల్టు మీద వస్తుంటాయి, మనుషులు వాటిని అందుకుని చెక్క పలకల మీద పేరుస్తుంటారు, నేను అట్ట మీద కాగితం పెట్టుకుని గీతలు గీస్తుంటాను. ఐదో గీత అడ్డంగా. గోదామంతా అమ్మోనియా ఘాటు. అందుకని అందరూ ముక్కుకీ మూతికీ గుడ్డ చుట్టుకునేవాళ్ళు. ఎవరు ఏ దేశం వాడో కళ్ళను బట్టి పోల్చుకోవాలి.

తొంభై మూడు ఎండాకాలంలో ఒకరోజు నా వెనక నుంచి సన్నగా లెక్క వినిపించింది. బస్తా పలక మీద పడ్డప్పుడల్లా ఒక అంకె, పైకి అనీ అననట్టుగా. "తిత్... హ్నిత్... తోన్... లే... ఙా..."

నా చేయి ఆగిపోయింది. అవి బర్మా అంకెలు. చిన్నప్పుడు బడిలో నేను ఎక్కాలు అప్పజెప్పింది ఆ భాషలోనే.

నేను పుట్టింది రంగూన్‌లో. మా శ్రీకాకుళం వైపు రంగం అనేవాళ్ళు. మా తాత రంగం వెళ్ళి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న అదే రేవులో గుమాస్తా అయ్యాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు, అరవయ్యో దశకం మధ్యలో, అక్కడి సైనిక ప్రభుత్వం మీ దేశానికి మీరు పొండి అంది. విశాఖపట్నంలో దిగాం. అప్పటి నుంచి ఇంట్లో అమ్మతో తప్ప ఎవరితోనూ బర్మా భాషలో మాట్లాడింది లేదు. అలాంటిది ఖతార్‌లో, యూరియా దుమ్ములో, మా రెండో తరగతి మాస్టారి యాసలో లెక్క వినపడితే ఒళ్ళు తెలియలేదు.

వెనక్కి తిరిగి బర్మా భాషలో గట్టిగా అడిగాను. "ఏ ఊరయ్యా మీది?"

నలభై దాటిన మనిషి. బక్కపలచన. చేతుల్లో బస్తా అలాగే ఉంది. ముఖానికి గుడ్డ ఉన్నా రంగు మారడం కళ్ళ చుట్టూ కనిపించింది. హిందీలో, "నేను బంగ్లాదేశీని, మీరేం అంటున్నారో తెలీదు" అన్నాడు. బస్తా దించి అవతలి వరసలోకి వెళ్ళిపోయాడు.

బెల్టు దగ్గర ఉన్న చిట్టగాంగ్ మనిషి ఒకడు పకపకా నవ్వాడు. "వీడు బర్మాయా! నేను ముందే అనుకున్నా" అన్నాడు. ఆ నవ్వుకి మా ఫోర్‌మన్ వచ్చాడు. కేరళ ఆయన, ప్రతిదానికీ కాగితం చూపించమనే రకం. నన్నే అడిగాడు, ఏమిటి గొడవ, ఎవరు బర్మా వాడు అని.

నాకు అప్పుడు కానీ వెలగలేదు. ఆ మనిషి పాస్‌పోర్టు బంగ్లాదేశ్‌ది. ఆ పాస్‌పోర్టు అబద్ధమని తేలితే మనిషిని పట్టుకుపోతారు. నేను నవ్వు తెచ్చుకుని, "నేనే సార్ బర్మాలో పుట్టినవాణ్ని. ఊసుపోక ఇతనికి నాలుగు అంకెలు నేర్పాను. సరిగ్గా చెప్తాడో లేదో చూస్తున్నా" అన్నాను. ఫోర్‌మన్ నమ్మాడో, డ్యూటీ టైములో తగాదా ఎందుకనుకున్నాడో, "యల్లా, పని చూడండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ మనిషి షిఫ్టు మార్చుకున్నాడు. నన్ను చూస్తే పక్క దారి పట్టేవాడు. నా గదిలో ఉండే జగిత్యాల ఆయనకి ఈ సంగతంతా చెప్పి బాధపడ్డాను. ఆయన చొక్కా ఉతుక్కుంటూ, "నువ్వు సంబురంల పిలిచినవ్, గాయన పానం బుగులుతోని కొట్టుకున్నది. జర ఆగన్నా. నువ్వు మంచోనివని ఎరుకైతే గాయనే వస్తడు" అన్నాడు.

అలాగే వచ్చాడు. రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం, నమాజు అయ్యాక, మా క్వార్టర్ల వెనక విరిగిన పలకలు గుట్టగా పడేసిన చోట నేను కూర్చుని ఉంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. చుట్టూ చూసి, బర్మా భాషలో, చాలా మర్యాదగా అన్నాడు. "ఆ రోజు నా కోసం అబద్ధం ఆడారు. కృతజ్ఞత చెప్పకుండా ఇన్నాళ్ళు తిరిగాను. క్షమించండి."

కూర్చోమన్నాను. మాట మాటకీ వెతుక్కుంటూ నేను మాట్లాడుతుంటే ఆయన నా తప్పులు దిద్దసాగాడు. దిద్దడం చూసి, "మీరు మాస్టారా?" అని అడిగాను. అవునన్నాడు. అరకాన్‌లో, బంగ్లాదేశ్ సరిహద్దు నాఫ్ నదికి బర్మా వైపు ఒడ్డున ఒక పల్లెలో, పదకొండేళ్ళు చిన్నపిల్లలకి చదువు చెప్పాడట. ఆ రోజు నుంచి నేను ఆయన్ని 'సయా' అనే పిలిచాను. బర్మాలో మాస్టారిని అలాగే అంటారు. గోదాములో మాత్రం పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే పిలిచేవాణ్ని. అది ఎవరి పేరో ఆయనకీ తెలియదు. ఒక బ్రోకరు ఇచ్చిన పేరు. తండ్రి పేరూ, ఊరి పేరూ కూడా ఆ బ్రోకరువే.

"మిమ్మల్ని అక్కడ ఏమనేవాళ్ళు?" అని నన్ను అడిగాడు.

"కొరంగీలు" అన్నాను. మా తాతలు కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్ళు కాబట్టి బర్మా వాళ్ళు తెలుగువాళ్ళందరికీ ఆ పేరు పెట్టారు. "కోపం వస్తే 'కలా' అనేవాళ్ళు."

ఆయన తల ఊపాడు. "మమ్మల్ని కోపం లేనప్పుడు కూడా అదే అంటారు."

కలా అంటే పరాయి నల్లవాడు. బడిలో నన్ను ఆ మాట అన్న పిల్లాణ్ని కొట్టి దెబ్బలు తిన్నది ఇప్పటికీ గుర్తే. నేను మాత్రం అక్కడ నిజంగానే పరాయివాణ్ని. మా తాత ఏ నెలలో ఓడెక్కాడో ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. సయా సంగతి అది కాదు.

"మావాళ్ళు అరకాన్‌కి ఎప్పుడొచ్చారో నన్ను అడిగితే చెప్పలేను. రాజులున్న కాలంలోనే ఉన్నారు. తెల్లవాళ్ళ కాలంలో చిట్టగాంగ్ వైపు నుంచి పొలం పనులకి ఇంకొంతమంది వచ్చిన మాటా నిజమే. ఇప్పుడు అందరినీ కలిపి నిన్న వచ్చిన దొంగలంటారు" అన్నాడు. పెద్ద యుద్ధంలో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు బౌద్ధులు ఒక సైన్యం వైపు, ముస్లింలు ఇంకో సైన్యం వైపు పోయి ఒకరి ఊళ్ళు ఒకరు కాల్చుకున్నారని వాళ్ళ నాన్న చెప్పేవాడట. ఇరుగుపొరుగుగా బతికిన వాళ్ళు ఆ తర్వాత మళ్ళీ దగ్గర కాలేదట.

"నా చిన్నప్పుడు రంగూన్ రేడియోలో మా భాషలో కూడా కాసేపు ప్రసారం వచ్చేది. తెలుసా మీకు?"

నాకు తెలియదు.

"వచ్చేది. ఊళ్ళో ఒకటే రేడియో. మా నాన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు. 'చూడు, రాజధాని మన మాట మాట్లాడుతోంది' అనేవాడు. సైన్యం వచ్చాక ఆపేశారు."

డెబ్బయ్యో దశకం చివర్లో సైనికులు ఇల్లిల్లూ తిరిగి కాగితాలు చూస్తూ తరిమితే, ఊరంతా నది దాటి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చిందట. తర్వాత పౌరసత్వం చట్టం వచ్చింది. దేశంలో ఏయే జాతులున్నాయో పట్టిక వేశారు. సయా జాతి పేరు అందులో లేదు. తనిఖీకి వచ్చిన అధికారి పాత గుర్తింపు కార్డు తీసుకుని, కొత్తది ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. కార్డు లేనివాడు బడిలో ఎలా పనిచేస్తాడన్నారు. ఉద్యోగం పోయింది. "ఆ ముందు రోజు దాకా నేను పిల్లలకి చెప్పిన పాఠం, మన దేశ ప్రజలు" అన్నాడు.

ఇక తొంభై ఒకటిలో సైన్యం వాళ్ళ ఊరి పొలాల్లో శిబిరం కట్టింది. మగవాళ్ళని పట్టుకుపోయి మూటలు మోయించారు. సయా పందొమ్మిది రోజులు మందుగుండు పెట్టెలు మోశాడు. ఇల్లు చేరేసరికి పక్క వీధిలో ఇద్దరు ఆడపిల్లల్ని శిబిరానికి ఈడ్చుకుపోయారని తెలిసింది. ఆయనకి పదకొండేళ్ళ కూతురుంది. ఆ వారమే భార్యని, కూతుర్ని, కొడుకుని తీసుకుని నది దాటేశాడు. బంగ్లాదేశ్‌లో కొండ పక్కన వెదురు తడికెల పాకల వరసల్లో వాళ్ళకొక పాక దొరికింది. అక్కడ తిండిగింజలు ఇస్తారు, పని ఇవ్వరు. అందుకే ఈ పాస్‌పోర్టు, ఈ బస్తాలు.

అన్నీ చెప్పాక తన అసలు పేరు చెప్పాడు. "ఒక్కసారి ఆ పేరుతో పిలవండి. ఈ దేశం వచ్చాక ఎవరూ పిలవలేదు" అన్నాడు. పిలిచాను. "ఊఁ" అన్నాడు, బడిలో హాజరు పలికినట్టు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ పేరు రాలేదు.

ఆ ఏడు కార్తీకంలో నాకు నెల రోజులు సెలవు దొరికింది. విశాఖపట్నంలో మేం ఉండేది బర్మా క్యాంపులో. మాలాగే ఓడల్లో వచ్చినవాళ్ళకి ఇచ్చిన స్థలాలు అవి. అమ్మకి సయా సంగతి చెప్పాను. అమ్మ ఎండు రొయ్యలు దంచుతూ వింటోంది.

తను వచ్చిన రోజు అమ్మ ఎప్పుడూ మరిచిపోలేదు. రంగూన్ రేవులో బల్లల దగ్గర నిలబెట్టి ఒంటి మీది బంగారమంతా తీయించారు. ముక్కుపుడక రాకపోతే సబ్బు రాసి లాగారు. ఇక తిరిగి రామని నాన్న సంతకం పెట్టాడు. అయినా ఆ సాయంత్రం మన దేశం పంపిన ఓడలో వేడి అన్నం పెట్టారనీ, విశాఖ రేవులో దిగగానే ఎవరో దుప్పటి కప్పారనీ కూడా చెప్పేది.

నేను చెప్పింది విని అమ్మ రోకలి ఆపింది. "మరి ఆళ్ళకి ఓడ రానేదేటిరా?"

"రాలేదమ్మా. వీళ్ళు మావాళ్ళు అని ఓడ పంపే దేశం వాళ్ళకి లేదు."

"మనకొచ్చింది" అంది అమ్మ. మళ్ళీ రోకలి అందుకుని, "మనకొచ్చింది కదా, నానేమో ఇన్నేళ్ళూ ముక్కుపుడక కోసం ఏడిసినాను" అంది.

నేను తిరిగి వెళ్ళేటప్పుడు ఒక సీసా నిండా బలచావ్ పెట్టి ఇచ్చింది. ఎండు రొయ్యలూ వెల్లుల్లీ మిరపకాయలూ వేసి నూనెలో వేయించేది, బర్మా వంట. మాస్టారికి ఇమ్మంది. సయా సీసా మూత తీసి వాసన చూసి మూత పెట్టేశాడు. తర్వాత వారం రోజులు అన్నంలో కొంచెం కొంచెంగా కలుపుకుని తిన్నాడు. మా జగిత్యాల ఆయనకి కూడా పెడితే, "అబ్బ, గీ కంపు ఎట్ల తింటరే" అని రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. సయా నవ్వగా చూసింది ఆ ఒక్క వారమే.

చలికాలం మధ్యలో సయాకి కూతురి ఉత్తరం వచ్చింది. గుండ్రటి బర్మా అక్షరాలు, వరస తప్పకుండా. నాన్న నేర్పిన రాత. పాకల్లోని వాళ్ళని వెనక్కి పంపుతున్నారని రాసింది. కొందరు తమంతట తాము పోతున్నారు, కొందరిని బియ్యం ఆపి పంపుతున్నారు. ఇష్టపడే వెళ్తున్నామని వేలిముద్ర వేయమంటున్నారు. అమ్మ ఏం చేయాలో అడగమంది. వేయాలా, వద్దా?

సయా ఆ ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టాడు. "మీ నాన్న సంతకం పెట్టాడన్నారు కదా. మీరు దాటి వచ్చినవాళ్ళు. మీరు చెప్పండి."

ఇక్కడ నేను చేసింది దాచకుండా రాయాలి. నాకేమీ తెలియదు. తెలియదని చెప్పి ఊరుకోవలసింది. కానీ రంగూన్‌లో మా ఇంటి ముందు వాన నీళ్ళలో కాగితం పడవలు వదిలిన వీధి నా కళ్ళ ముందుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ వీధికి వెళ్ళనిస్తే చాలనుకుంటూ బతికినవాణ్ని. "వెళ్ళమని రాయండి సయా. ఎవరు ఏమన్నా సొంత ఊరు. తడికెల్లో ఎన్నాళ్ళుంటారు?" అన్నాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఉత్తరం రాశాడు. ఏమి రాశాడో నేను అడగలేదు. నేనే దోహా వెళ్ళే వ్యాను డ్రైవరుకిచ్చి పోస్టు చేయించాను.

మూడు వారాలు గడిచినా జవాబు రాలేదు. ఒక శుక్రవారం ఇద్దరం దోహా వెళ్ళాం. అక్కడ నజ్మా అనే పేటలో కార్డు ఫోను ఉన్న చోటికి. పాకలకి దగ్గర్లోని కాక్స్ బజార్‌లో ఒక మందుల దుకాణం ఆయన సయాకి మేనమామ వరస. ఆయన దగ్గరికి ఫోను చేస్తే పాకల్లోని కబురు తెలుస్తుంది. సయా వాళ్ళ భాషలో మాట్లాడుతున్నాడు. ఆ భాష నాకు రాదు. మొదట గట్టిగా మాట్లాడాడు, తర్వాత వింటూ ఉండిపోయాడు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు.

"వరస మొత్తం ఖాళీ చేయించారట. ట్రక్కుల్లో నది దాకా తీసుకెళ్ళారు. అక్కడి నుంచి పడవలు" అన్నాడు.

"ఎప్పుడు?"

"చెప్పాడు. నాకు సరిగ్గా వినపడలేదు."

నేను మళ్ళీ చేద్దామన్నాను. వద్దన్నాడు. వీధిలో సెలవు రోజు జనం, హోటళ్ళ ముందు మనవాళ్ళ గుంపులు, తెలుగు మాటలు, మలయాళం మాటలు. ఆయన నడుస్తూ నడుస్తూ ఒక చెప్పుల కొట్లోకి వెళ్ళాడు. ఆడపిల్లల చెప్పులు చూపించమన్నాడు. జానతో కొలిచి చూసి ఒక జత తీశాడు. కాసేపు చేత్తో పట్టుకుని నిలబడి, "రెండేళ్ళవుతోంది చూసి" అని దానికన్నా పెద్ద జత తీసుకున్నాడు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పది రోజుల్లో ప్రయాణం పెట్టుకున్నాడు. ఫోర్‌మన్‌తో తల్లికి బాగోలేదని చెప్పాడు. తల్లి పోయి చాలా కాలమైంది. "ఆ పాస్‌పోర్టుతో మీ ఊరు ఎలా వెళ్తారు సయా?" అని అడిగాను.

"దాంతో ఢాకా దాకా వెళ్తాను. ఆ తర్వాత దాన్ని నదిలో వేస్తాను."

"మిమ్మల్ని పట్టుకుంటే?"

"నా భార్యా పిల్లలూ ఆ ఒడ్డున ఉన్నారు. నేను ఈ ఒడ్డున ఉండి ఏం లెక్కపెట్టను?"

మా జగిత్యాల ఆయన తను ఇంటికి పంపాలని కొనుక్కున్న కొత్త దుప్పటి తెచ్చి ఆయన సంచిలో కుక్కాడు. వద్దంటే వినలేదు. "ఏ దేశమోడైతేంది? పొయ్యేటోన్ని ఉత్తచేతుల్తోని తోలుతమా?" అన్నాడు తెలుగులోనే. సయాకి భాష తెలియకపోయినా అర్థమైంది. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నన్ను కావలించుకోలేదు. ఎదురుగా నిలబడి, మాస్టారు విద్యార్థిని చూసినట్టు చూసి, "మీ 'తోన్' ఇంకా సరిగ్గా పలకడం లేదు" అన్నాడు. వ్యాను ఎక్కాడు.

ఎనిమిది నెలలకి ఉత్తరం వచ్చింది. చుట్టూ నలిగి ఉంది. ఎవరి చేతుల మీదుగానో నది దాటి బంగ్లాదేశ్ ఒడ్డున టెక్నాఫ్‌లో పోస్టు అయింది. పంపినవారి చిరునామా లేదు. భార్యా పిల్లలు దొరికారు. ఇల్లు సగం పడిపోయింది, మిగతా సగంలో ఉంటున్నారు. పొలం శిబిరంలో కలిసిపోయింది. చెప్పులు కూతురికి సరిపోయాయి. తిరిగి వచ్చినవాళ్ళని లెక్క రాసుకున్నప్పుడు ఆయన అక్కడ లేడు కాబట్టి కుటుంబం పట్టికలో ఆయన పేరు లేదు. సైనికులు తనిఖీకి వచ్చినప్పుడల్లా వెనక చెరకు తోటలోకి పోతాడు. పక్క ఊరికి వెళ్ళాలంటే అనుమతి కాగితం కావాలి, పట్టికలో లేనివాడికి కాగితం రాదు. అందుకని ఇంట్లోనే ఉంటాడు. పొద్దున్నే ఏడుగురు పిల్లలు వస్తారు. లెక్కలు చెప్తాడు.

చివర్లో ఒక వాక్యం రాశాడు. "మీరు చెప్పమన్నది నా ఉత్తరంలో రాశాను. అది చేరకముందే వాళ్ళని ట్రక్కు ఎక్కించారు. కాబట్టి మీరు మనసులో పెట్టుకోవద్దు."

ఎన్నిసార్లు చదివానో ఆ మాట. వ్యాను డ్రైవరుకి ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి నజ్మాలో ఫోను చేసిన రోజు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. చేరి ఉండొచ్చు. చేరకపోయి ఉండొచ్చు. ఆయన మాస్టారు. తప్పు చేసిన పిల్లవాడి ముఖం చిన్నబోకుండా మాట్లాడటం తెలిసినవాడు. అందుకే ఆ వాక్యాన్ని నమ్మలేను. నమ్మకుండా ఉండటమూ కష్టం.

మందుల దుకాణం పేరు మీద రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. తొంభై తొమ్మిదిలో నేను ఖతార్ వదిలి వచ్చేశాను. అమ్మ అంతకు ముందే పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, రెండు వేల పదిహేడు వానాకాలంలో, టీవీలో నాఫ్ నది చూపించారు. మోకాళ్ళ లోతు బురదలో మళ్ళీ బంగ్లాదేశ్ వైపు దాటుతున్న మనుషులు, బుట్టల్లో ముసలివాళ్ళు, వెనక పొగ. బర్మా క్యాంపులో మా వీధి వాళ్ళు కొందరు మా ఇంటికి వచ్చి చూశారు.  నేను సయా కోసం చూడలేదు, ఆయన బతికి ఉన్నా డెబ్బైకి దగ్గర. ముప్పై ఏడేళ్ళ ఆడమనిషి కోసం చూశాను. ఆమె చేతిరాత నాకు తెలుసు, చెప్పుల సైజు తెలుసు. ముఖం ఎప్పుడూ చూడలేదు.